ఆకు కింద నెత్తురు

హలో… ఆ, నేనేప్పా. సీఐ మునీశ్వరిని. మధుసూదనేనా మాట్లాడేది?

… పొద్దున్నించీ చేస్తాండాను నీకు. ఎత్తవేంది?

… ఊఁ… ఊఁ… ఏడవద్దప్పా. ఏడస్తా మాట్లాడితే నాకు ఒక్క ముక్కా అర్థం కాదు. రవ్వంత ఊపిరి తీసుకో.

… నిజమే. మీ ప్రమీల పోయింది. నీకు ఫోన్ చేసినోళ్ళు అబద్ధం చెప్పలేదు. నేనిప్పుడు మీ ఇంటికాడే ఉండాను. మీ పట్టుపురుగుల షెడ్డులో. ఆమె పక్కనే నిలబడుకోనుండాను.

… నువ్వు యాడుండావు?

… మదనపల్లెలో. టమోటా మార్కెట్లో. … లోడు తీసుకోని చీకటితోనే బయల్దేరినావా. సరే, సరే. రేటెట్లుంది ఈపొద్దు? … ఏం లేదులేప్పా, ఊరికే. పెండ్లాం సచ్చినోన్ని రేటడగతాండాను సూడు, నా నోరు పడిపోను.

… అదేంది, ఆ కూత?

… కుక్కర్ కూసినట్టుండాదే? మార్కెట్ యార్డులో కుక్కరేందప్పా?

… ఓ, పక్కన హోటల్లో కూసోనుండావా. తిను. … లోపలికి పోతాండలేదా. అదీ నిజమే. ఎట్ల పోతాది.

… వద్దు, వద్దు. ఆదరాబాదరాగా బండెక్కి రావద్దు. ఈడికొచ్చినా నిన్ను లోపలికి పోనియ్యరు. క్లూస్ టీమోళ్ళు వచ్చి ఫోటోలు తీస్తాండారు. ఇంగా శవాన్ని కదిలీలేదు.

… మీ అమ్మా? చెంగమ్మకేం, బాగుండాది. సోడా తెప్పిస్తే తాగలేదు. ఏమడిగినా 'నాకేం తెలీదు తల్లీ' అంటాండాది. పొద్దున్నించీ అదే మాట. పెద్దామె, ఆమెను గట్టిగా అడిగేకి నాకూ నోరు రాలేదు.

… నువ్వు రవ్వంత సాయం చేస్తే చాలప్పా. ఫోన్లోనే. పంచనామా రాసుకోవాల గదా.

— వెంకటస్వామీ, ఆ లైటు ఇట్ల పట్టు. తట్ట మింద. ఆ, అట్లే ఉంచు. — నీతో కాదప్పా, మా హెడ్ కానిస్టేబుల్‌తో.

… ఎట్ల జరిగిందంటే… తట్టుకుంటావా? చెప్పమంటావా?

… సరే, విను. మెడ మింద వేటు. ఎనకనించి. ఒకటి కాదు, మూడో నాలుగో, డాక్టరు చెప్పాల. కొడవలి అంటాండారు. ఆ కొడవలి ఇంగా దొరకలేదు. పురుగులకు మల్బరీ ఆకు మేత వేసేకి ఆమె వంగింది. వంగినప్పుడే పడింది. పడి, మొఖం పోయి పురుగుల తట్టలోకి ఆనింది. ఇప్పటికీ అట్లే ఉండాది.

… పురుగులా? ఉండాయి. యాడికి పోతాయి. ఆమె చెంప మింద పాకతాండాయి. జుట్టులో కొన్ని. ఒకటి రెప్ప మిందికెక్కింది. డాక్టరు వచ్చేదాకా మేం చెయ్యి పెట్టకూడదు గదప్పా, అందుకే సూస్తా నిలబడినాం.

… హలో? … ఉండావా. కట్ చేసినావేమో అనుకున్నా.

… అడగతాండాననుకోవద్దు. పురుగులెట్లుండాయని ఎందుకడిగినావు? … ఊరికేనా. సరే.

బీరువా తలుపు తెరిసుండాది. చీరలన్నీ కింద. మెళ్ళో చైను లేదు. సూసినోళ్ళు ఎవరైనా దొంగ పనే అంటారు. … ఆ, నేనూ అదే అంటాండాను. నువ్వూ ఫోన్లో అదే అన్నావంట గదా మీ ఊరోళ్ళతో. పాత ఇనప సామాన్లు కొనే మునెప్ప చీకట్లో తోపుడుబండి పెట్టుకోని మీ ఇంటి సుట్టూ తిరగతా నీకు కనపడినాడని.

… పట్టుకోకుండా ఉంటామా? పొద్దున్నే తెచ్చినాం. పుంగనూరు సంతకాడ టీ తాగతా దొరికినాడు. రెండు తగిలించినారు మావోళ్ళు. ఒప్పుకున్నాడు.

… ఏందప్పా, అంత పెద్ద ఊపిరి వదిలినావు? … భారం దిగిందా. దిగుతాది, దిగుతాది.

… చైనూ దొరికింది. వాని సంచిలో. అందుకే నీకు చేసింది. నువ్వు గుర్తు పడితే కేసు మూసేసినట్టే. … నమ్మకం లేదా? పంపిస్తాండాను, వాట్సాప్ సూడు. ఫోన్ కట్ చెయ్యద్దు, అట్లే సూడు.

… వచ్చిందా? … బాగా సూడప్పా. డాలరు కూడా కనపడతాండాది గదా. … ఆమెదేనా?

… గట్టిగా చెప్పు. … ఆమెదే. పెండ్లిలో మీరే చేపించింది. … కొక్కెం కాడ విరిగితే మదనపల్లెలో అతికించినావా? ఎంత గుర్తుండాదప్పా నీకు! మొగుడంటే ఇట్లుండాల. — రాసుకో వెంకటస్వామీ, చైను ఆమెదేనని భర్త గుర్తుపట్టినాడు.

… అయిపోయినట్టే. ఇంగ రెండు మూడు చిన్న అనుమానాలు. రేపు కోర్టులో మునెప్ప లాయరు లేసి అడిగితే నేను నోరెళ్ళబెట్టి నిలబడకూడదు గదా. పురుగుల పనిలో పుట్టి పెరిగినోనివి, నువ్వే చెప్పాల.

మీ షెడ్డు గడపకాడ తట్ట ఉండాది సూడు. బ్లీచింగు, సున్నం కలిపిన నీళ్ళు.

… ఆ, పురుగులకు రోగం తగలకుండా. చెప్పులు బయట ఇడిసి, రెండు కాళ్ళూ దాంట్లో ముంచి, అప్పుడు లోపలికి పోవాల. నాకు తెలుసులే. మా అమ్మగారింట్లోనూ పురుగులే. ముంచకుండా పోయినానని మా అమ్మ నన్ను చీపురుతో కొట్టింది ఒకసారి.

దొంగ కాళ్ళు ముంచినాడప్పా.

… అవును. కాళ్ళు ముంచినాడు. నాకూ నవ్వొచ్చింది. చేతిలో కొడవలి. లోపల మనిషిని సంపాల. గడపకాడ నిలబడి, చెప్పులిడిసి, కుడికాలొకసారి, ఎడమకాలొకసారి బుద్ధిగా ముంచి, పోయినాడు. సున్నం నీళ్ళు ఎండిపోయి సిమెంటు మింద తెల్లగా అచ్చులు. ముగ్గులో పాదాలేసినట్టుండాయి. ముందు చిన్నవి, ప్రమీలవి. వాటెనక పెద్దవి.

… సూసుకోకుండా కాలు పడిందంటావా. రెండు కాళ్ళూ పడినాయంటావా. మునెప్ప చెప్పులు కూడా వాటంతటవే ఊడిపోయినాయంటావా. … నేను కోప్పడలేదప్పా. లాయరు అడిగినట్టు అడగతాండాను.

… కుక్కా? తెచ్చినాం. ఆ బ్లీచింగు వాసనకు ఒకటే తుమ్ములు. తోక ముడిసి జీపెక్కి పండుకునేసింది. దాంతో ఏం కాలేదు. నీకేం భయం లేదు.

… అంటే, నీకు భయమేముంటాదిలే అంటాండాను.

ఇంగొకటి. వాకిలికి నైలాను తెర. పురుగుల్ని సంపే ఊజీ ఈగ దూరకుండా కట్టుకుంటారే, అది. పొద్దున వీధోళ్ళు వచ్చేతలికి ఆ తెర జిప్పు కిందిదాకా లాగి ఉండిందంట. మీ అమ్మ తెర బయటే నిలబడి కేకలేస్తా ఉండిందంట. దొంగ పారిపోతా పారిపోతా, ఈగ దూరుతాదేమోనని నిలబడి, వంగి, జిప్పు లాగి పోయినాడు. పెండ్లాం… — ఆ ఇంటామె నెత్తురు కారుతా ఉంటే, ఈగ పురుగు మింద గుడ్డు పెడతాదని వాని దిగులు.

… నువ్వెప్పుడూ లాగుతావా? మంచిదేగా. మంచి రైతువి. నేను మునెప్పను గురించి అడగతాండాను.

… ఉండప్పా, ఉండు. చార్జింగు అయిపోయేకి ఇంగా టైముంది. ఇదొక్కటి వింటే నువ్వే నవ్వుతావు.

నెత్తురు తట్టలో పడింది గదా. కింద ఆకంతా ఎర్రగా తడిసింది. ఆ ఎర్ర ఆకు మింద ఇంగొక వరస పరిసుండాది. పచ్చని కొమ్మలు. పొద్దున మేం వచ్చేతలికి అప్పుడే కోసినట్టుండినాయి. ఒక్క సుక్క లేదు వాటి మింద. ఒక్కటంటే ఒక్కటి. కింద నెత్తురు, పైన పచ్చి ఆకు. ఆమె తల సుట్టూ సందు వదిలి, కుదురుగా పరిసినాడు. ఆ తట్టలోనే కాదు. పై తట్ట, కింది తట్ట, అన్నింటికీ.

… అర్థమయిందా?

… ఆమె సచ్చినాక ఎవరో పురుగులకు మేత వేసినారప్పా.

… హలో.

… మాట్లాడు. కుక్కర్ మళ్ళీ కూస్తాండాది, మాటలు వినపడలేదు.

… మీ అమ్మ వేసింటాదా.

… అట్లనా. చెంగమ్మ. సరే. నీ నోటితో నువ్వే అన్నావు, నేననలేదు. కానీ చెంగమ్మ పొగాకు నములుతాది గదప్పా? ఇప్పుడూ నములుతానే ఉండాది. పొగాకు గాలి తగిలితే పురుగులు సస్తాయని, ఆమెను ఆ గడప తొక్కనియ్యరంట గదా మీరు? ఎన్నేండ్లయిందో ఆమె షెడ్డులోకి పోయి. వీధంతా చెప్తాండారు. 'సొంత తల్లిని పురుగులకాడికి రానియ్యడు, అంత భయం మధుసూదనుకి' అని.

… ఈపొద్దు పోయింటాదా. ఎందుకు పోయింది? కోడలు సచ్చి పడుంటే అరవకుండా, తెర తీసి పోయి, పురుగులకు మేత వేసి, మళ్ళీ తెర మూసి, బయటికొచ్చి, అప్పుడు అరిసిందా?

… కట్ చెయ్యద్దు. నేను చెప్పేది విను. కట్ చేస్తే నీకే నష్టం. నేను నీ మేలు కోరి మాట్లాడతాండాను.

… ఆ. అట్ల నిదానంగా ఉండు.

సూడప్పా. మునెప్ప ఇంగ పనికిరాడు. వాడు పురుగులు పెంచినోడు కాదు. వానికి ఊజీ ఈగంటే ఏందో తెలీదు, తట్టలో కాలు ముంచాలని తెలీదు. కొట్టి ఒప్పిచ్చినా జడ్జి ముందర నిలబడదు. వాన్ని వదిలేస్తాండాను. ఇది పురుగుల ఇంటోళ్ళ పని. ఎంత కోపమొచ్చినా, చేతిలో నెత్తురున్నా, పురుగుకు ఆకలైతాదని గుర్తుకొచ్చే మనిషి పని. నాలుగు దినాలైతే గూళ్ళు కట్టే పురుగులు. ఒక్క పూట మేత తప్పినా పంట పోతాది.

ఆ మనిషి మీ ఇంట్లో ఉండాల. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఒకరు సచ్చిపోయినారు. మిగిలింది ఇద్దరు. నువ్వా, మీ అమ్మా?

… ఒట్టేసుకోవద్దు. ఒట్లు నాకెందుకు. నీ మింద నాకేం పగ? నాకు కేసు మూసుకోవాల, అంతే. పైనించి ఫోన్ల మింద ఫోన్లు. నువ్వు వయసులో ఉండావు. మీ అమ్మకు డెబ్బై దాటినాయి. ఆమెకు శిక్ష పడినా ముసలిదని జైల్లో బాగా సూసుకుంటారు. బెయిలు కూడా తొందరగా వస్తాది. నేను చెప్పినానని యాడా అనద్దు.

… ఆలోచించుకో. తొందరేం లేదు.

…

…

… ఆ, చెప్పు.

… అత్తాకోడళ్ళకు పడదా. … ఎప్పట్నించి? … మొన్న కూడా కొట్లాడినారా. … 'నిన్ను నరికేస్తా' అనిందా? చెంగమ్మ? కోడల్ని?

… నువ్వు బయల్దేరేటప్పుడు మీ అమ్మ చేతిలో కొడవలి ఉండిందా. నువ్వే కండ్లారా సూసినావా. … మరి ఇంతసేపూ మునెప్ప అంటివే? … తల్లి గదా, అందుకు దాసినావా. ఎంత మంచి కొడుకువప్పా.

… ఆ మాట మళ్ళొకసారి అను. సరిగ్గా వినపడలేదు. రికార్డు కావాల. నీ పేరు చెప్పి, మీ అమ్మ పేరు చెప్పి, గట్టిగా, ఒకటే ముక్కలో.

… ఇంగా గట్టిగా.

…

… చాలు. బాగా వినపడింది.

అందరికీ వినపడింది.

… అందరంటేనా? నేను, వెంకటస్వామి, వీఆర్వో, ఫోటోలు తీసే పిల్లోడు. ఇంగా మీ అమ్మ.

… అవునప్పా. ఈ ఫోన్ మొదట్నించీ స్పీకర్లోనే ఉండాది. నువ్వు 'హలో మేడం' అన్నప్పట్నించీ చెంగమ్మ నాకెదురుగా, గడపకాడ కూసోనుండాది. మీ ఆచారం ప్రకారం బయటే. లోపలికి రానీలేదులే, పురుగులకేం కాదు.

… ఏం చెప్తావు ఇప్పుడు ఆమెకు? 'నిజం కాదమ్మా' అనా? చెప్పు, వింటాండాది.

… ఏడవద్దు. ఇప్పుడేడిస్తే నిజంగానే ఏడస్తాండావని ఎవరు నమ్ముతారు.

… నాకెందుకింత కడుపుమంట అంటావా? నాకేం లేదప్పా. నీ కాలి అచ్చులు, తెర, ఆకు, ఇవన్నీ నాకు పొద్దున్నే అర్థమైనాయి. కానీ ఆకు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పదు. అచ్చులు నా ఇంట్లోవే, నేను దినామూ తిరిగేటోన్నే అంటావు. కొడవలి లేదు. నీ చొక్కా లేదు. చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆమె పొద్దున్నించీ నోరు మెదపలేదు. నేను బెదిరించినా, కాళ్ళు పట్టుకున్నా, 'నాకేం తెలీదు తల్లీ'. రాయి కూడా ఇంతకంటే మెత్తగుంటాది. నీ కోసం అట్ల కూసోనుండింది. ఆమెను నేను కదిలీలేకపోయినాను. నువ్వు కదిలిచ్చినావు.

ఇంతసేపూ నేను మాట్లాడింది నీతో కాదు. ఆమెతో.

… వెంకటస్వామీ, ఏమంటాండాది? … లేస్తాండాదా? చెయ్యి పట్టుకో. పడతాది. … వద్దంటాండాదా? సరే, వదిలెయ్. ఎనకాలే పో.

… ఉండప్పా, లైన్లోనే ఉండు. మీ అమ్మ పెరట్లోకి పోతాండాది. పురుగుల పెంట దిబ్బ ఉండాదే, దాంట్లోకి. చేతుల్తోనే తవ్వతాండాది. పార ఇస్తే తోసేసింది.

… ఎందుకప్పా ఆయాసపడతాండావు? నువ్వేం తవ్వతాండలేదు గదా.

… వచ్చింది. చొక్కా. నీలం గళ్ళది. దాంట్లో సుట్టి కొడవలి. మా కుక్క ఆ దిబ్బ మిందనే కూసోని తుమ్మిందప్పా పొద్దున!

… చెప్తాండాది. నిదానంగా చెప్పవ్వా, రాసుకుంటాండారు. … నీ చేత్తో ఆమె చేతికిచ్చి, 'దాసెయ్యమ్మా, నీ కాళ్ళు మొక్కుతా' అన్నావంట. ఆ నెత్తురు చేతుల్తోనే మొక్కినావంట. ఆమె పాదాల మింద అయిన మరకలు బావికాడ ఇసకేసి రుద్దుకునిందంట.

ప్రమీల ఏమనిందో కూడా చెప్పింది. 'ఈ భూమి, ఈ షెడ్డు మా నాయన నా పేరున రాసిచ్చినాడు. నువ్వు ఉంచుకున్న ఆ కుప్పం యమునను ఈ ఇంటికి తెస్తే నీకు షెడ్డు తలుపు తెరవను' అనిందంట. అంతేనా? ఆ మాటకేనా?

… ఇప్పుడు నా మింద అరిసి ఏం లాభం.

… చైనా? అది నీ జోబీలోనే ఉండాది గదా. నాకెట్ల తెలుసంటే, నేను పంపించిన ఫోటో నా చైనుదప్పా. నా మెళ్ళోది. ఈ షెడ్డు గోడకాడ నిలబడి తీసినా. నువ్వు కొక్కెం కూడా గుర్తుపట్టినావు.

… ఏందా చప్పుడు? కుర్చీ పడిందా? పరిగెత్తతాండావా? … మదనపల్లె హోటల్లో అంత గట్టిగా పరిగెత్తితే బిల్లు కట్టలేదని పట్టుకుంటారు.

… అవును. కుప్పమని తెలుసు. పొద్దున్నించీ నీ ఫోన్ యాడుండాదో సూస్తానే ఉండాం. బెంగుళూరు రైలెక్కాలని యమున ఇంట్లో కాసుకోనుండావు. యమున 'కరేపాకు తెస్తానుండు' అని బయటికి పోయింది. పోయి శానాసేపైంది గదా? కరేపాకుకు అంతసేపా?

తలుపు లాగు.

… ఇంగొకసారి లాగు.

… రాదు. బయట గడియేసి తాళం పెట్టింది. ఆమే పెట్టింది. పక్కింట్లో కూసోనుండాది.

… మేం బెదిరియ్యలేదు. నీ మింద ఒట్టు. మధ్యాన్నం ఆమెకు ఫోన్ చేసినా. మొదట ఒప్పుకోలేదు. 'ఆయన మంచోడు, పెండ్లామే గయ్యాళి' అనింది. నేనేం వాదించలేదు. ఇప్పుడు నీకు చెప్పిన కతే ఆమెకూ చెప్పినా. పెండ్లాన్ని నరికి, ఆమె తల సుట్టూ సందు వదిలి, పురుగులకు మేత వేసినాడమ్మా అని. అంతా విని ఒకటే అడిగింది. 'నన్ను సంపినాక దేనికి మేతేస్తాడు మేడం?' అనింది. అప్పుడు తాళంకప్ప యాడుండాదని వెతుక్కునింది.

… కిటికీకి కమ్ములుండాయి. అవి కూడా అడిగినా.

… స్టవ్ ఆపప్పా. పప్పు మాడతాది.

… కాళ్ళు మొక్కుతానంటావా? నువ్వు కాళ్ళు మొక్కిన ఆమె ఏమైందో ఇప్పుడే వింటివి గదా.

… ఆ చప్పుడు మావోళ్ళే. బూటు కాలు. పక్కకు జరుగు, తలుపు మొఖానికి తగులుతాది. … జరిగినావా?

…

…

హలో. … ఆ, వాని ఫోన్ ఎత్తింది మన కానిస్టేబుల్ పెద్దన్ననా? దొరికినాడా? … ఏం, మంచం కిందనా? … కొట్టద్దు. కొట్టద్దంటాండా. డాక్టరు సూస్తాడు, ఒంటి మింద దెబ్బ ఉండకూడదు. మునెప్పకు తగిలించినవే శానా, వాడు ఇంగా సరిగ్గా కూసోలేకపోతాండాడు. … జోబీ సూడు. … ఉండాదా చైను? కవర్లో వెయ్. … ఏం, ఏమంటాండాడు?

… వాళ్ళమ్మతో మాట్లాడాలా?

… వెంకటస్వామీ, అడుగు ఆమెను. మాట్లాడతాదా? … అవ్వా, నీ కొడుకు. లైన్లో ఉండాడు. మాట్లాడతావా? … నీ ఇష్టం. బలవంతం లేదు.

… ఇస్తాండాను పెద్దన్నా. వాని చెవికాడ పెట్టు. … పెట్టినావా? — ఇంద అవ్వా, ఇట్ల పట్టుకో. చెవికి. … తిప్పి పట్టుకోవ్వా. ఆ.

…

…

… ఏమవ్వా? మాట్లాడు. 'అమ్మా, అమ్మా' అంటాండాడు గదా, నాకే వినపడతాండాది.

…

… ఏంది? … మాట్లాడవా? … ఇంగేం కావాల?

… యాడ నొక్కితే ఫోన్ కట్టయి పోతాదంటావా?

… ఆ గుండ్రం కనపడతాండాదా, ఎర్రది. దాని మింద, అవ్వా. వేలు తుడుసుకో, మట్టుండాది.

… నొక్కు.